తూకము వేఱు, తీర్పు వేఱు

సంతలో కోడెను కొనబోవు రైతు దాని పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. పొడుచునా, తన్నునా యని అమ్మువాని యూరివారిని ప్రక్కకు పిలిచి విచారించును. పిల్లనీయదలచిన తండ్రి వరుని జీతముతో తృప్తినొందక వాని మేనమామ అప్పులను గూడ కూపీ తీయును. మన యిల్లాండ్రు వంకాయను త్రిప్పి చూడక త్రాసులో వేయనీయరు. ఇట్టి మనమే మన బడులకును, ఆసుపత్రులకును, కాలువ నీటికిని, పన్నులకును ఐదేండ్లపాటు కర్తలగువారిని ఎన్నుకొనునప్పుడు గోడమీది బొమ్మను చూచి, ఇంటి పెద్ద చెప్పిన మాట విని, మీట నొక్కి వచ్చుచున్నాము. ఇది జనుల బుద్ధిమాంద్యమని నిందించువారు పలువురు కలరు. నేనట్లనజాలను. చూడదగిన వస్తువును చూచుటకు వీలుగా ఎదుట నుంచినపుడు గదా చూడకపోవుట తప్పగును! చాలకాలము అట్టి వస్తువే ఓటరు నెదుట లేకుండెను.

అది లభించిన చరిత్రము పెద్ద పాతది కాదు. 1999వ సంవత్సరమున అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటు ఆచార్యులు కొందఱు ‘అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్’ అను సంఘముగా నేర్పడి, అభ్యర్థుల మీది క్రిమినల్ కేసులను, ఆస్తిపాస్తులను, చదువును ఓటరులకు తెలుపవలయునని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2002 మే నెల 2వ తేదీన సుప్రీంకోర్టు, అభ్యర్థినిగూర్చి తెలిసికొను హక్కు ఓటరునకు కలదని తీర్పు చెప్పెను. ఆ తీర్పును కుదింపవలెనని అదే యేడు ఒక ఆర్డినెన్సును, పిమ్మట ఒక చట్టసవరణయు వచ్చెను. 2003 మార్చి 13వ తేదీన సుప్రీంకోర్టు ఆ సవరణలో హక్కును కుదించిన సెక్షనును కొట్టివేసెను. నాటినుండి శాసనసభకు గాని, లోక్‌సభకు గాని పోటీ చేయు ప్రతివారును నామినేషనుతో పాటు ప్రమాణపూర్వకమైన పత్రమొకటి దాఖలు చేయవలసియున్నది. దానినే మనము అఫిడవిట్టు అనుచున్నాము. ఫారము 26 అని దాని పేరు.

ఆ ఫారమును చదువరులలో ఎందఱు పూర్తిగా చదివియుందురో గాని, అది మిక్కిలి చిత్రమైన పత్రము. అభ్యర్థిమీద విచారణలో నున్న కేసులు, పడిన శిక్షలు, తనకును భార్యకును లేక భర్తకును ఆధారపడినవారికిని గల నగదు, బంగారము, వాహనములు, భూములు, ఇండ్లు, అప్పులు అందుండును. భూమి కొన్నదా, వంశపారంపర్యముగా వచ్చినదా, కొన్న యెడల ఎప్పుడు ఎంతకు కొన్నది, నేటి విలువ యెంత అను ప్రశ్నలుండును. ప్రభుత్వ గృహములో నివసించియున్న యెడల అద్దె, కరెంటు, నీరు, టెలిఫోను బాకీలున్నవా యను ప్రశ్న కలదు. 2018లో సుప్రీంకోర్టు చెప్పిన పిమ్మట ఆదాయము ఏ మార్గమున వచ్చుచున్నదో గూడ వ్రాయవలసివచ్చినది. 2019నుండి ఐదేండ్ల ఆదాయము చూపవలసియున్నది. అబద్ధము వ్రాసిన యెడల ప్రజాప్రాతినిధ్య చట్టము 125ఏ సెక్షను క్రింద ఆఱునెలలవఱకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇంత గట్టి పత్రము మన చేతికి వచ్చినను మన నోటికి అందలేదు. ముప్పది నలువది పుటల కాగితమును స్కాను చేసి ఎన్నికల సంఘమువారు తమ వెబ్‌సైటులో నుంచుచున్నారు. పుట వంకరగా నుండును. ముద్ర అంకెలమీద పడియుండును. నేను చూచినవన్నియు ఇంగ్లీషులోనే యున్నవి. ఇట్టి పత్రములు పదునైదింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని పోల్చి చూడగల తీరిక ఏ గృహస్థునకు కలదు? ఈ కష్టమును తీర్చుటకే పై సంఘమువారు ‘మైనేత’ యను వెబ్‌సైటును నడుపుచు దేశమంతటి అభ్యర్థుల అఫిడవిట్టులను పట్టికలుగా చేసి పెట్టుచున్నారు. ఎన్నికల సంఘమువారును ‘నో యువర్ కాండిడేట్’ అను యాప్‌ను తెచ్చిరి. ఇవి చేసిన మేలు సామాన్యము కాదు. వీనిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అయినను ఇట్టి సాధనములు ఇంకను ఎట్లు మెఱుగుపడవలయునో ఆలోచించుటకు నాకొక యవకాశము కలిగినది. అందు నేను నేర్చినది చదువరులతో చెప్పదలచితిని.

నేనొక ప్రైవేటు పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పువాడను. ఇరువది యేండ్లుగా ఈ వృత్తిలోనే యున్నాను. 2024వ సంవత్సరపు వేసవిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకును లోక్‌సభకును ఎన్నికలు జరిగినపుడు, కంప్యూటరు పనిలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థులు నలుగురు మా నియోజకవర్గమునకు మాత్రమే పనికివచ్చునట్లు ఒక పోలిక పుటను తయారుచేయబూనిరి. అఫిడవిట్టులలోని సంగతులను వారు పట్టికలో నింపుదురు; తెలుగు మాటలు నేను కూర్పవలెను. “మాష్టారూ, మీ పని ఒక సాయంకాలము పని” అని వారు పిలిచిరి. పది సాయంకాలములు పట్టినది. ఏప్రిలు 29వ తేదీన నామినేషనుల ఉపసంహరణ ముగిసెను. మే 13వ తేదీన పోలింగు. నడుమ నున్నవి రెండే వారములు. ఆ రెండు వారములలో తెలిసినదేమనగా, ఇట్టి సాధనములో మాటలు పైపూత కావు, మాటలే సాధనము.

మొదటి చిక్కు కేసుల యొద్దనే వచ్చినది. మా పిల్లలు ఆ గడికి ‘నేరచరిత్ర’ యని పేరు పెట్టిరి. పత్రికలలోను అదే మాట వాడుకలో నున్నది. కాని ఎవరో పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయగా ఎఫ్.ఐ.ఆర్. నమోదగుట యొక మెట్టు. పోలీసులు విచారించి ఛార్జిషీటు వేయుట రెండవది. న్యాయాధికారి దానిని పరిశీలించి అభియోగములు మోపుట మూడవది. శిక్ష పడుట నాలుగవది. ఫారము 26లో వీనికి వేఱువేఱు స్థానములు కలవు. ఆ నాలుగింటిని ఒక్క మాటతో కప్పివేసిన యెడల, త్రాగునీటికొఱకు రోడ్డుమీద కూర్చున్నవానికిని, పరుల భూమిని దొంగ దస్తావేజుతో కాజేసినవానికిని భేదము పోవును. ‘కేసులు: 7’ అను అంకె చూచి భయపడు ఓటరు, ఆ యేడును ధర్నా కేసులని ఎఱుగడు, ‘కేసులు: 1’ అను అంకె చూచి ఊరడిల్లు ఓటరు, ఆ యొక్కటి హత్యానేరమని ఎఱుగడు. కావున ‘నేరచరిత్ర’ యను మాటను తీసివేసి, ‘విచారణలోనున్న కేసులు’ అనియు, ‘శిక్ష పడిన కేసులు’ అనియు రెండు గడులు చేసి, ప్రతి కేసునకును ఎదురుగా అది యే మెట్టున నున్నదో వ్రాసితిమి.

సెక్షనుల సంఖ్యలు మఱియొక వల. నాడు భారత శిక్షాస్మృతి అమలులో నుండెను. 302 అనగా హత్య, 420 అనగా మోసము, 188 అనగా అధికారి యుత్తరువును మీఱుట. ఇవి సినిమాలవలన జనులకును కొంత తెలిసినవే. 2024 జులై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. ఇందు హత్య 103వ సెక్షను; మోసము 318వది; ఉత్తరువును మీఱుట 223వది. క్రొత్త సంహితలో 302వ సెక్షను ఉన్నది గాని, అది ఇతరుల మతభావములను నొప్పించు మాటలకు సంబంధించినది. 420వ సెక్షనే లేదు. సంహిత 358తో ముగియుచున్నది. ఇకమీదట ఒక్క అభ్యర్థి అఫిడవిట్టులోనే పాతకేసు పాతసంఖ్యతోను, క్రొత్తకేసు క్రొత్తసంఖ్యతోను కనబడును. సంఖ్యలను మాత్రము పోల్చు సాధనము నిర్దోషిని హంతకుని చేయగలదు. కావున సెక్షను ప్రక్కన తెలుగుమాట యుండి తీరవలయును. ఆ మాటయు నిఘంటువులోని మాటగా గాక వీధిలోని మాటగా నుండవలెను. ‘నేరపూరిత న్యాసభంగము’ అని వ్రాసిన యెడల నా సంస్కృతాభిమానము తృప్తినొందును గాని మా వీధిలో నొక్కరికిని తెలియదు. ‘నమ్మి అప్పగించిన సొమ్ము కాజేయుట’ అని వ్రాసితిమి.

రెండవ చిక్కు శూన్యము. లెక్కలలో సున్న యొక్కటే; అఫిడవిట్టులో సున్నలు మూడు. పూర్వము కొందఱు అభ్యర్థులు గడులను ఖాళీగా విడిచి సంతకము చేసెడివారు. ఖాళీగా విడుచుట ఓటరు హక్కును హరించుటయే యని 2013లో సుప్రీంకోర్టు చెప్పినది. లేనిచో ‘నిల్’ అనియు, తనకు సంబంధింపనిచో ‘వర్తించదు’ అనియు, ఎఱుగనిచో ‘తెలియదు’ అనియు వ్రాయవలెనని నిర్ణయమైనది. మా పిల్లల పట్టికలో ఈ మూడింటికిని ఒకే చిన్నగీత యుండెను. చూపునకు అది శుభ్రముగానే యున్నది. కాని ‘నాకు అప్పు లేదు’ అనుటకును, ‘నా భార్య యాస్తి నాకు తెలియదు’ అనుటకును ఎంత దూరమున్నది! ఆ గీతలను తీసివేసి అభ్యర్థి వ్రాసిన మాటనే యుంచితిమి. దాచినదెవరో, లేనిదెవరికో అప్పుడు తెలిసినది.

ఆస్తుల విషయమున అంకె మఱింత మాయ చేయును. తాతనాటి రెండెకరముల మెట్ట ప్రక్కనుండి నాలుగు వరుసల రోడ్డు పోయినయెడల దాని యజమాని పొలమును విడిచి కదలకయే కోటీశ్వరుడగును. ఐదేండ్ల క్రిందట లక్షలలో నుండి నేడు కోట్లలో నున్న మఱియొకడు ఆ యైదేండ్లలో కొన్న ఆస్తులవలన పెరిగియుండవచ్చును. మొత్తముల వరుస మాత్రమే చూపిన యెడల ఇద్దఱును ఒక్కటే. ఫారమే ‘వారసత్వము’, ‘స్వార్జితము’ అని విడదీయుచుండగా సాధనము కలిపివేయుట యేల? పాత యెన్నికలలో పోటీ చేసినవారికి పాత అఫిడవిట్టును ప్రక్కన నుంచి, ఏది పెరిగినదో, అది కొన్నందున పెరిగినదో ధర హెచ్చుటవలన పెరిగినదో చూపితిమి. దానికి కారణము మేము వ్రాయలేదు. కారణము చెప్పవలసినవాడు అభ్యర్థి, అడుగవలసినవాడు ఓటరు.

ఇక అసలు వాదము మార్కులగూర్చి జరిగినది. అభ్యర్థికి నూటికిన్ని మార్కులని వేసిన యెడల జనులు సులభముగా గ్రహింతురని మా పిల్లలు పట్టుపట్టిరి. మార్కులు వేయుటయే వృత్తిగా గల నాకు మార్కుల సంగతి వారికంటె ఎక్కువ తెలియును. డెబ్బది మార్కులు వచ్చిన ఇద్దఱు బాలురలో నొకనికి వ్యాకరణము రాదు, ఒకనికి వ్యాసము రాదు. ఆ డెబ్బది ఈ భేదమును మ్రింగి కూర్చుండును. తరగతిలో నైనను ప్రశ్నకింత యని ముందే యొక మండలి నిర్ణయించును. ఇక్కడ నిర్ణయించువారెవరు? పట్టభద్రతకు పది, కేసు లేకుండుటకు ముప్పది యని పిల్లలు వ్రాసికొనివచ్చిరి. ఈ పదియు ముప్పదియు ఎక్కడనుండి వచ్చినవని అడిగితిని. “మాకు న్యాయమని తోచినది” అనిరి. వారికి తోచినది ఊరి తీర్పుగా చలామణి యగుటయే గదా అందలి దోషము! బడిగడప త్రొక్కనీయని కులమున పుట్టి, కూలిచేసి, ఊరికి పెద్దదిక్కైన స్త్రీకి చదువులేమికై పది మార్కులు కోసిన యెడల, సంఘము ఆమెకు చేసిన యన్యాయమును మేము అంకెలలో మఱల చేసినవారమగుదుము. ఇది వారికి బోధపడినది. మార్కులు పోయినవి. వానికి బదులు, ‘మీకు ముఖ్యమైనది ఏది?’ యని అడిగి, నీరన్నవారికి నీటినిగూర్చిన వాగ్దానములను, కేసులన్నవారికి కేసులను ముందు చూపు ఏర్పాటు చేసితిమి.

వరుసక్రమమును గూడ అలక్ష్యము చేయరాదు. దీనికి దూరదేశపు సంగతి యొకటి చెప్పుదును. జర్మనీలో పౌరవిద్యకై యేర్పడిన ప్రభుత్వసంస్థ 2002నుండి ‘వాల్-ఓ-మాట్’ అను సాధనమును నడుపుచున్నది. ఓటరు కొన్ని ప్రతిపాదనలకు ‘ఔను’, ‘కాదు’, ‘తటస్థము’ అని సమాధానమిచ్చిన పిమ్మట, ఏ పార్టీ అభిప్రాయములు తనకు దగ్గఱగా నున్నవో అది చూపును. మనుష్యుల యాస్తులతో దానికి పనిలేదు. పార్టీల విధానములతోనే పని. 2019 యూరోపియను పార్లమెంటు ఎన్నికలలో నలువదికి పైగా పార్టీలు పోటీ చేయుచుండగా, ఒక్కసారికి ఎనిమిదింటిని మాత్రమే పోల్చుటకు అందు వీలుండెను. జనులు తమకు తెలిసిన పెద్ద పార్టీలనే యెన్నుకొందురు గదా యని ‘వోల్ట్’ అను చిన్నపార్టీ కొలోన్ నగరపు న్యాయస్థానమున మొఱపెట్టెను. పోలింగునకు కొలది దినములు ముందుగా న్యాయస్థానము ఆ సాధనమును ఆ రూపమున నడుపరాదనెను. ఉభయులు రాజీపడగా అది మఱల తెఱవబడెను. తరువాతి కాలమున అన్ని పార్టీలను ఒక్కసారి పోల్చునట్లు మార్చిరి. ఎవ్వరిని గూర్చియు అబద్ధము వ్రాయకయే, ఎనిమిది గడులు పెట్టినంతమాత్రమున పక్షపాతము పుట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మనకు అంతదూరము పోవలసిన పనియు లేదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది పోటీ చేసిరి. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెల గోడు ఢిల్లీకి వినబడుటకై నామినేషను పత్రమునే అర్జీగా చేసికొన్న పోరాటమది. 2019లో నిజామాబాదునందు 185 మంది నిలిచిరి. వారిలో నూట డెబ్బదికి పైబడినవారు పసుపునకును ఎఱ్ఱజొన్నకును గిట్టుబాటు ధర కోరిన రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసివచ్చినది. ‘ముఖ్యమైన అభ్యర్థులు’ అని నలుగురిని చూపి తక్కినవారిని మడతలో పెట్టు సాధనము అట్టిచోట ఏమి చూపును? ఎన్నికలో అసలు చెప్పబడుచున్న మాటనే దాచివేయును. అందుచేత మేము బ్యాలెట్టులోని వరుసనే యుంచితిమి. ‘పైవారెవరును కారు’ అను నోటాను గూడ దాని స్థానముననే చూపితిమి.

పదవిలో నున్నవారి పనిని కొలుచునప్పుడును ఇట్టి జాగ్రత్తయే కావలెను. పార్లమెంటు సభ్యుల హాజరును, అడిగిన ప్రశ్నలను, పాల్గొన్న చర్చలను పీ.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అను సంస్థ ప్రకటించుచున్నది. ఎంతో యుపయోగకరమైన పని. కాని మంత్రులు హాజరుపట్టీలో సంతకము చేయరు. వారు ప్రశ్నలకు సమాధానము చెప్పువారు గాని అడుగువారు కారు. ఆ సంస్థవారు ఈ సంగతిని వివరించియే యున్నారు. వారి పట్టికనుండి అంకెను మాత్రము ఎత్తుకొనివచ్చి వివరణను అక్కడనే విడిచిన యెడల, మంత్రి సభకే రాలేదని చదువరి యనుకొనును. అంకెతో దాని షరతును గూడ మోసికొని రావలెను.

ఈ సందర్భమున నాకు మల్లినాథసూరి తలపునకు వచ్చుచుండును. మూలము లేని మాట వ్రాయననియు, అక్కఱలేని మాట చెప్పననియు వ్యాఖ్యానారంభముననే ప్రతిన పట్టిన ఆ మహాపండితుడు మన తెలుగునాటివాడే. పోలిక సాధనమునకు ఇంతకంటె మంచి నియమము లేదు. ప్రతి యంకెను తాకగానే అఫిడవిట్టులోని ఆ పుటయే యెదుట తెఱచుకొనవలెను. అది యే తేదీన దాఖలైనదో కనబడవలెను. తప్పున్నదని అభ్యర్థి గాని ఓటరు గాని తెలిపిన యెడల దిద్దిన తేదీ గూడ అక్కడనే యుండవలెను. అక్కఱలేని మాటలు విడుచుటయు నియమములో సగము. అఫిడవిట్టులో ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఆధారపడిన పిల్లల వివరములు ఉండును. అవి బహిరంగపత్రములోనివే యైనను, ఓటునకు పనికిరాని వానిని మా పుటకు ఎక్కింపలేదు. మఱియు, ఇతరులను ‘నీ సొమ్ము ఎక్కడిది?’ యని అడుగు సాధనము తన సొమ్ము ఎక్కడిదో ముందు చెప్పవలెను. చేసినవారి పేర్లు, ఖర్చు, ఏ పార్టీతోనైన వారికి గల సంబంధము మొదటి పుటలో ఉండవలెనని నిశ్చయించి అట్లే వ్రాసితిమి. మొత్తము ఖర్చు నలుగురును పంచుకొన్న కొలదిపాటి రూపాయలే, అయినను వ్రాసితిమి.

ఇంతవఱకు జరిగినది చదువుకొన్నవారి ముచ్చట. సాధనమునకు నిజమైన పరీక్ష మా వీధిలోని పొదుపు సంఘమునందు జరిగినది. ఆ సంఘపు నాయకురాలు మా పొరుగింటి యామె, ఐదవ తరగతివఱకు చదివినది, కూడి చదువుకొనును. మా యింటావిడ ఆమెకు ఆ పుటను తన ఫోనులో చూపించినది. ఆమె చాలసేపు క్రిందికి పైకి జరిపి చూచి, “మాష్టారుగారూ, మా కుళాయి బిల్లు మూడు నెలలు కట్టకపోతే మనిషి వచ్చి కోసిపోతాడు. వీళ్ళకు సర్కారు బాకీలున్నాయా అన్నది అన్నిటికన్న అడుగున పెట్టారేమండీ? అది పైన పెట్టండి” అనెను. మేము నలుగురైదుగురము పది దినములు తలలు పట్టుకొని కూర్చున్నను ఈ మాట మాలో నొక్కరికిని తోచలేదు. కుళాయి బిల్లు భయము ఎఱిగినవారికే అది తోచును. బాకీల గడి పైకి వచ్చినది.

ఆమెయే మఱియొక మాట అనినది. “ఫోనులో పెడితే ఎవరు చూస్తారండీ? మా సంఘములో సగముమంది యిండ్లలో ఫోను కొడుకు జేబులోనో, మొగుడి చేతిలోనో ఉంటుంది.” అది నిజము. స్త్రీకి ఓటు వచ్చి మనదేశమున డెబ్బది యేండ్లు దాటినది. ఓటు నిర్ణయించుకొనుటకు కావలసిన వార్త మాత్రము పురుషుని జేబులో నున్నది. కావున ఆ పుటనంతయు పెద్దయక్షరములతో ఒక్క కాగితముమీదికి తెచ్చి అచ్చువేయించితిమి. ఎన్నికల కరపత్రముమీద ముద్రాపకుని పేరును ప్రకాశకుని పేరును ఉండవలెనని 127ఏ సెక్షను చెప్పుచున్నది. ఎవరినీ సమర్థింపని మా పత్రమునకు అది వర్తించునా యను వాదము పెట్టుకొనక రెండు పేర్లును అచ్చువేసితిమి. ఒక యాదివారము మధ్యాహ్నము సంఘపు సమావేశమున మా పూర్వవిద్యార్థిని యొకతె ఆ పత్రమును మొదటినుండి తుదివఱకు గట్టిగా చదివి వినిపించెను. ఎవరు మంచివారో చెప్పుమని ఒకరిద్దఱడిగిరట, ఆమె చెప్పలేదు.

మఱునాడు ఒక యింటి పెద్దమనిషి నాయొద్దకు వచ్చెను. పెద్దవాడు, నాకు గౌరవనీయుడు. “ఏమయ్యా, ఆడవాళ్ళకు ఈ కేసుల లెక్కలు, ఆస్తుల లెక్కలు ఎందుకు? ఎవరికి వేయాలో మేము చెప్పమా?” అనెను. మీ యింట పట్టుచీర కొనునపుడు జరీ నాణెమైనదా కాదా యని ఎవరు చూతురండి యని అడిగితిని. ఆయన నవ్వక లేచిపోయెను. ఆయన కోడలు ఆ పత్రమును మడచి బియ్యపుడబ్బాలో దాచుకొన్నదని తరువాత మా యింటావిడవలన విన్నాను. పదునేను సంవత్సరములుగా ఓటు వేయుచున్న ఆ యువతి, ఒక పత్రమును చూచి తానుగా ఆలోచించుట అదే మొదటిసారియట. ఆమె ఎవరికి ఓటు వేసెనో నేనెఱుగను, ఎఱుగరాదు గూడ. ఆ పత్రమును దాచుకొనవలసివచ్చుట నాకు కష్టము తోపించినది. దాచుకొనదగినదిగా ఆమెకు తోచుట నాకు సంతోషము కలిగించినది.

ఇదంతయు వృథాప్రయాస యనువారు కలరు. మన ఓటు కులమునకును, నోటునకును, పార్టీకిని పడునే గాని పట్టికకు పడదందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. పార్టీ యనునది ఉపేక్షింపదగినదియు కాదు. శాసనసభలో సభ్యుడు తన బుద్ధిచొప్పున గాక పార్టీ యాజ్ఞచొప్పున ఓటు వేయుట సామాన్యము. ఆ కారణముననే వ్యక్తి వివరముల ప్రక్కన పార్టీ వాగ్దానములను గూడ చూపవలసియున్నది. అంతే కాదు, కేసులున్నవారిని నిలిపిన పార్టీ వారినే యేల నిలిపినదో, కేసులు లేనివారు ఏల దొరకలేదో కారణము ప్రకటింపవలెనని, గెలుచునను మాట యొక్కటే కారణము కాజాలదని 2020లో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసినది. ఆ కారణముల ప్రకటనలు పత్రికల మూలలలో చిన్నయక్షరములతో పడి మఱుగగుచున్నవి. వానిని ఏరితెచ్చి అభ్యర్థి పేరు ప్రక్కన తెలుగులో పెట్టినయెడల పార్టీ మాటయు జనుల చెవిని పడును. ఇది మావంటివారు ఇంకను చేయవలసిన పని.

ఫలమునుగూర్చి నేను గొప్పలు చెప్పజాలను. నాలుగు ఫోనులు, కొన్ని వందల కాగితములు ఎన్నిక గతిని త్రిప్పవు. కాని ప్రచారమునకు వచ్చినవారిని మా పొరుగింటి యామె, “మీ ఆయన కాగితములో భార్య ఆదాయము దగ్గర తెలియదు అని వ్రాశారు, ఎందుకండీ?” యని అడిగెను. వచ్చినవారు ఒకరి మొగము నొకరు చూచుకొని, కనుగొని చెప్పెదమని పోయిరి. తిరిగి రాలేదు. ప్రశ్న మాత్రము వీధిలో నిలిచినది. నాలుగిండ్లవారు దానినే యడిగిరి. గుమ్మములో ప్రశ్న యడుగువారున్నారని తెలిసిన యభ్యర్థి, మఱుసారి ఆ గడిని నింపునపుడు ఒక్కక్షణమైనను కలము నాపును.

ఇట్టి పోలికలు శాసనసభకును పార్లమెంటునకును మాత్రమే యుండుట చాలదు. రాష్ట్ర ఎన్నికల సంఘము జరుపు పంచాయతీ, పురపాలక ఎన్నికలే మన కుళాయికిని, మురుగుకాలువకును, వీధిదీపమునకును దగ్గఱివి. పోలిక పుటలు అక్కడ మిక్కిలి అరుదు. ఒక వార్డునకు పోటీ చేయువారు నలుగురైదుగురే. ఇంట నొక చదువుకొన్న బాలిక, ఒక కాగితము, ఒక యాదివారము చాలును. అభ్యర్థుల పత్రములు తెచ్చుకొని, ఉన్నది ఉన్నట్లు తెలుగులో వ్రాసి, ప్రక్కప్రక్కన పెట్టి, ఇంటిలోని యందఱికిని చదివి వినిపింపుడు. చదివిన పిమ్మట ఎవరికి వేయవలెనో మాత్రము చెప్పకుడు.